కాలు ఆపినవాడి సైకిలు

హోసూరులో మా అద్దె ఇంటి వెనక, బట్టలుతికే బండ మీద ఆ ఫ్రేమును పడుకోబెట్టి, రంగు కరిగించే జెల్లు పూసిన ఆదివారం నాకు స్పష్టంగా గుర్తుంది. రెండువేల దశకం మొదటి ఏళ్లు అవి. పెరట్లో పడుతున్న ఎండ, జెల్లు ఘాటుకు నీళ్లు కారిన కళ్లు, ఎర్రటి రంగు పొక్కులుగా లేచి ముడతలు పడిన తీరు, ఇవన్నీ వరసగా చెప్పగలను. అంతకు పదకొండేళ్ల కిందట మా అన్న ఆ సైకిలు మీంచి పడిన మధ్యాహ్నాన్ని మాత్రం అలా చెప్పలేను. చెప్పగలనని నమ్మిన కాలం ఒకటి ఉండేది.

అది ట్రాక్ పందేల కోసం చేసిన ఫ్రేము. అలాంటి సైకిలుకు బ్రేకులుండవు, వెనక చక్రంలో ఫ్రీవీలూ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. వేగం మీద ఉన్నవాడు ఉన్నట్టుండి కాళ్లు ఆపబోతే చక్రం ఆగదు, మనిషినే ఎత్తి పడేస్తుంది. కృష్ణగిరిలో సైకిలు షాపు నడిపే ఒక పెద్దాయన ఆ ఫ్రేమును బెంగళూరు పాత సామాన్ల బజారులో కొని తెచ్చి, తన చేత్తో ఆకుపచ్చ రంగు పూసి, ఇంగ్లండు సరుకని వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. మా అన్న ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. పొద్దున్నే షాపు తెరవకముందు ఆ సైకిలును మైదానానికి తీసుకుపోయి, ఒంటరిగా చుట్లు కొట్టేవాడు.

తొంభైల మొదట్లో ఆ మైదానంలోనే ఒక పందెం పెట్టారు. సున్నంతో గీతలు గీసిన మట్టి ట్రాక్. తన షాపు తరఫున గెలిచినవాణ్ని మద్రాసు పందేలకు పంపుతానని పెద్దాయన మాటిచ్చాడు. చివరి చుట్టులో, రెండో మలుపులో, ముందున్నవాణ్ని దాదాపు అందుకున్న చోట అన్న పడిపోయాడు. మెడ కింది ఎముక విరిగింది. ఆ మలుపు దగ్గరే నేను నిలబడి ఉన్నాను. అప్పుడు కాలేజీలో భౌతికశాస్త్రం మొదటి ఏడు చదువుతున్నాను. అన్నను ఆటోలో ఎక్కించి పంపాక పెద్దాయన నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, సైన్సు చదివేవాడివి. ఈడనే నిలబడినావు. ఏమైంది, చెప్పు."

"కాళ్లు ఆపినాడు," అన్నాను. "మలుపులో భయపడి ఆపినాడు."

అంతటితో ఊరుకోలేదు. తిరిగే చక్రాన్ని ఆపబోతే ఏమవుతుందో, మనిషి బరువు ఎటు తూగుతుందో వివరించాను. చుట్టూ ఉన్నవాళ్లు శ్రద్ధగా విన్నారు. పెద్దవాళ్లు నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి.

అన్న కట్టుతో ఇంటికి వచ్చాక చెప్పింది వేరు. తను కాళ్లు ఆపలేదనీ, మలుపులో ముందు చక్రం తన అదుపు తప్పి పక్కకు ఒరిగిందనీ, ఫ్రేములోనే ఏదో లోపం ఉందనీ అన్నాడు. ఎవరూ నమ్మలేదు. లోపమున్న సైకిలిచ్చాననే మాట పెద్దాయనకు కోపం తెప్పించింది. ఫ్రేమును తెచ్చి అన్న ముందు పడేసి, తప్పున్న వస్తువు తన షాపులో ఎందుకని, నువ్వే పెట్టుకొమ్మని చెప్పి వెళ్లిపోయాడు. మద్రాసుకు ఆ ఏడు వేరే కుర్రవాడు పోయాడు. అన్నను మళ్లీ ఎవరూ పందేనికి పిలవలేదు. బజారులో అతనికి "కాలాపినోడు" అన్న పేరు పడింది. కొన్నాళ్లకు ఆ మాట అన్నను దాటి ఊరి మాటైపోయింది. క్యారం బోర్డు దగ్గర తడబడినవాణ్ని, పెళ్లిచూపులకు పోయి నోరు మెదపని పెళ్లికొడుకును, "ఏమప్పా, నువ్వూ కాలాపినావా?" అని ఆటపట్టించేవాళ్లు. ఒకటి రెండుసార్లు నేనూ నవ్వాను.

తరువాత ఆ ఏడే అన్న సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాడు. ఆ ఫ్రేమును గోడకు మేకు కొట్టి తగిలించాడు. మా వైపు ఆయుధపూజకు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టడంతో సరిపోదు. పంపు, స్టాండు, పానాల పెట్టె, రంగు నిలిచే ప్రతి వస్తువుకూ ఆ ముందురోజు కొత్త రంగు పూస్తారు. అన్న ఏటా ఆ ఫ్రేముకు కూడా ఎర్ర ఎనామెల్ పూసేవాడు. తొక్కని సైకిలుకు రంగెందుకని అడిగినవాళ్లకు జవాబు చెప్పేవాడు కాదు.

నేను చదువు ముగించి హోసూరులో ఒక కార్ఖానా తనిఖీ విభాగంలో చేరాను. పోత సామాన్లలో, వెల్డింగు అతుకుల్లో కంటికి కనిపించని పగుళ్లు వెతకడం నా పని. పక్కవాడు చెప్పిన కొలతను నమ్మకుండా మళ్లీ కొలవడం అక్కడ మర్యాద తప్పడం కాదు, ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పంచాంగం, ఆకు వైద్యం, నూనె డబ్బా మీద రాసిన మాటలు, దేన్నీ ఆధారం లేకుండా ఒప్పుకునేవాణ్ని కాదు. నేను చెప్పిన పాత మాట ఒక్కటే ఆ పరీక్షకు రాకుండా మిగిలిపోయింది.

అన్న షాపును బస్టాండు దగ్గరికి మార్చబోతూ నన్ను పిలిచాడు. ఫ్రేమును మొదటి ఆకుపచ్చలోకి మార్చి కొత్త షాపు ముందు వేలాడదీయాలని అతని కోరిక. "ఎర్రంతా తీసి, కింద పచ్చ యాడ బాగుంటే ఆడ చూసి, అదే రంగు కలిపించు. గాజుపెంకుతో మెల్లగా గీకప్పా, ఒక్కో పూత. తొందరపడొద్దు," అన్నాడు. ఫ్రేమును బస్సు పైన కట్టించుకుని బయలుదేరాను. సూళగిరి దాటేదాకా పైన అది గడగడమంటూనే ఉంది. గాజుపెంకు సలహా చాదస్తమనిపించింది.

ఇంటికి తెచ్చాక మొదట పెద్దాయన మాటలను పరీక్షించాను. ఇంగ్లండు సరుకన్న మాటకు ఆధారం దొరకలేదు. పెడళ్ల ఇరుసు పట్టే మరలు ఇంగ్లండు కొలతవే, కాని మన దేశంలో చేసిన సైకిళ్లవీ అదే కొలత. ట్రాక్ ఫ్రేమన్నది మాత్రం నిజం. ముందు ఫోర్కులో బ్రేకు బిగించే రంధ్రం లేదు, వెనక చక్రం ఇరుసు పట్టే గాడులు ట్రాక్ సైకిళ్లకున్నట్టే వెనక్కి తెరుచుకుని ఉన్నాయి. రంగు కలపడానికి సీటు కింది పైపు మీంచి ఒక పెచ్చు ఊడదీసి భూతద్దం కింద పెట్టాను. అడుగున పచ్చ, దాని పైన ఎరుపు పూతలు ఎనిమిది. ఏటా పూశానన్న మాట ప్రకారం పదకొండుండాలి. అన్న మాటలో మూడు పూతలు తక్కువ పడ్డాయన్నమాట. ఆ లెక్క నాకు కొంత తృప్తినిచ్చిందని ఒప్పుకోవాలి.

ఆ తరువాత జెల్లు పూశాను. కార్ఖానాలో మొదటి రోజు నేర్పే సూత్రం, పగులు వెతికేముందు రంగు, తుప్పు, నూనె మూడూ పోవాలి. రంగు పగులును దాస్తుంది. మధ్యాహ్నానికి ఫ్రేము మీద ఎరుపూ లేదు, పచ్చా లేదు. బూడిద రంగు ఉక్కు మిగిలింది. దాన్ని మళ్లీ ద్రావకంతో తుడిచి, కార్ఖానాలో మిగిలిపోతే తెచ్చుకున్న డబ్బాలోంచి ఎర్రటి పరీక్ష ద్రవం చల్లాను. పగులుంటే ఆ ద్రవం లోపలికి దిగుతుంది. కాసేపాగి పైపైన తుడిచేసి తెల్ల పొడి చల్లితే, లోపలికి దిగిన ఎరుపు పైకి ఊరి గీతగా కనిపిస్తుంది. గోడకు వేలాడే వస్తువుకు ఇంత పరీక్ష అవసరం లేదు. ఏమీ లేదని తేల్చుకోవాలనే చేశాను.

గీత వచ్చింది. హ్యాండిల్ కింద ఉండే తలపైపును కింది పైపుతో కలిపే తొడుగు అంచునే, పైపు చుట్టుకొలతలో మూడో వంతు మేర, వెంట్రుకంత సన్నగా.

మొదట చేతి తప్పనుకున్నాను. తుడిచి మళ్లీ చేశాను. అదే చోట, అదే పొడవు. అక్కడ పైపు పగిలి ఉంటే, మలుపులో బరువు పడినప్పుడు ముందు భాగం పక్కకు లొంగగలదు. అన్న చెప్పింది అదే. కాని మనిషి పడ్డప్పుడు ముందు చక్రం నేలకు తగిలినా అక్కడే పగులుతుంది. పగులు వల్ల పడ్డాడా, పడ్డందువల్ల పగిలిందా? ఆ ప్రశ్న వేసుకున్న తరువాతే, నేనేం చేశానో నాకు అర్థమయింది.

జవాబు రంగులో ఉండి ఉండవచ్చు. పగులు పెద్దాయన రంగు పూయకముందే ఉండి ఉంటే, ఆ పచ్చ దానిలోకి దిగి ఉండేది. ఎరుపు కనిపిస్తే ఏదీ తేలకపోవచ్చు, కాని పచ్చ కనిపిస్తే మాత్రం అన్న మాట నిలిచేది. గాజుపెంకుతో ఒక్కో పూత గీకి ఉంటే అది నా కళ్ల ముందే బయటపడి ఉండేది. నేను రెండు రంగులనూ కరిగించి, మోరీలోకి కడిగేశాను. భూతద్దం పెట్టి పగులంతా వెతికాను. పచ్చ లేదు. అక్కడక్కడ ఎరుపుంది. అది అన్న పూసిన ఎరుపో, నేను రెండుసార్లు చల్లిన ద్రవపు ఎరుపో చెప్పే దారి లేదు. సీటు పైపు మీంచి తీసిన పెచ్చు చక్కగా పొట్లంలో ఉంది. అది ఈ చోటి గురించి ఏమీ చెప్పదు.

పెద్దాయనను అడుగుదామంటే ఆయన పోయి రెండేళ్లయింది. మిగిలిన దారి ఒకటే, ఆ చోట పైపును కోసి, పగులును విప్పి, లోపలి ముఖాన్ని చూడడం. కొద్దికొద్దిగా పెరిగిన పగులైతే లోహం మీద చారలుండవచ్చు. ఇన్నేళ్ల తుప్పు వాటిని తినేసి ఉండనూవచ్చు.

మరుసటి ఆదివారం కృష్ణగిరికి పోయాను. అన్న ఒక చక్రాన్ని స్టాండుకు ఎక్కించి, వంకర తీస్తూ కూర్చున్నాడు. పగులు సంగతి, జెల్లు సంగతి, ఎరుపు సంగతి వరసగా చెప్పాను. తల ఎత్తకుండా విన్నాడు. ఎనిమిది పూతల సంగతి కూడా చెప్పాను, ఎందుకో.

"పూసేముందు ఉప్పుకాగితం పట్టినాను కదా," అన్నాడు. "పాతది తీయకుండా ఎవరన్నా పూస్తారా?"

గరుకు కాగితంతో రుద్దితే ఏటా పైపూత కొంత పోతుందని, పూతల సంఖ్య ఏళ్ల సంఖ్య కాదని నాకు తోచలేదు.

మరి కాసేపటికి, ఆ తొడుగు కింద పచ్చ మిగతా చోట్ల కంటే మందంగా ఉండేదని, ఏదో పూడ్చినట్టు వేలికి తగిలేదని అన్నాడు. నేను లోలోపల దాన్ని తూచాను. పదకొండేళ్ల నాటి జ్ఞాపకం, అదీ పగులుందని విన్న తరువాత, నిజం కావాలని కోరుకునే మనిషి చెప్పింది. సాక్ష్యంగా తీసుకోలేను. ఆ మాట పైకి అనలేదు. కాని కాలేజీ కుర్రవాడిగా నేనిచ్చిన సాక్ష్యానికి ఇంత బలం కూడా లేదన్న సంగతి అప్పుడే తట్టింది.

పైపు కోసి చూస్తానన్నాను. తేలవచ్చు, తేలకపోవచ్చు, ఫ్రేము మాత్రం పోతుందని చెప్పాను.

"తెలుసుకోవాలని నీకుంది. నాకెందుకప్పా?" అన్నాడు. "నా కాళ్లు ఆగినాయో లేదో నాకు తెలీదా?"

చక్రం తిప్పి, దాని ఇనుప ఆకుల మధ్య చూపు నిలిపి, ఎటు ఒరుగుతుందో చూశాడు. తరువాత అడిగాడు.

"ఆ పొద్దు నా కాళ్లు చూసినావా నువ్వు?"

పందెం రోజు మలుపులో దుమ్ము లేచింది. ముందున్న సైకిలు అడ్డంగా ఉంది. నేను చూసింది అతని భుజం నేలకు తగలడం. దానికి ముందు జరిగింది పుస్తకంలోంచి తెచ్చి పెట్టాను.

"లేదు," అన్నాను. "పడింది చూసినాను. కాళ్లు చూడలేదు."

"మరి ఆ పొద్దే తెలీదని చెప్పింటే సరిపోయేది కదప్పా."

గొంతులో కోపం లేదు. చక్రం ఆకులు బిగించే తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. అది నా పక్కనే ఉంది, అందించాను.

పెచ్చు చూపించి హోసూరులో స్కూటర్లకు రంగు కొట్టే అతని దగ్గర పచ్చ కలిపించాను. ఆ చోటు రంగు లేకుండా వదిలేద్దామని అడిగితే, తుప్పు పడుతుందని అన్న ఒప్పుకోలేదు. గీత పచ్చ కిందికి పోయింది. తొక్కడానికి పనికిరాదని చీటీ రాసి కట్టాను. చీటీని మాత్రం అన్న ఉంచాడు.

కొత్త షాపు ముందు అది ఏళ్లపాటు వేలాడింది. బస్సు కోసం నిలబడినవాళ్లు చూసి, ఇది ఆ పందెం సైకిలు కదా అని అడిగేవాళ్లు. నేను ఉన్నప్పుడు అడిగితే అన్న నన్ను చూపించేవాడు. ఆ పొద్దు మా తమ్ముడు ఆడనే ఉన్నాడు, అతన్నే అడగండి అనేవాడు. నేను పగులుందని చెప్పేవాణ్ని. అది ముందుదో వెనకదో తెలియదనీ, అన్న కాళ్లు ఆపడం నేను చూడలేదనీ చెప్పేవాణ్ని. వినేవాళ్ల ముఖాల్లో మొదటిసారి నా మాట విన్నప్పటి శ్రద్ధ ఉండేది కాదు. చూడలేదన్న మాటను ఎవరూ ఇంటికి మోసుకుపోరు.

వేప్పనపల్లి నుంచి మామిడికాయల బుట్టలు తెచ్చే ఒకాయన, ఆ పందెం రోజు నా వివరణ విన్నవాడే, ఒకసారి చివరిదాకా విన్నాడు.

"ఆ పొద్దు బాగా తెలిసింది, ఇప్పుడు తెలీకపోయిందా?" అని నవ్వాడు. "ఏమప్పా, నువ్వూ కాలాపినావా?"

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. అన్న ఆయన సైకిలుకు గాలి కొడుతున్నాడు. అతను నవ్వలేదు, పంపు ఆపనూ లేదు.