మంచులో మాయమైన మా బూట్లు

నేను బహ్రెయిన్‌లో ఇండియన్ స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. దయ్యాలు, శకునాలు, నిజమయ్యే కలలు, ఇవేవీ నాకు గిట్టవు. హూరాలో మేముండే బిల్డింగ్‌లో లిఫ్ట్ దానంతటదే మూడో అంతస్తులో ఆగుతోందని ఆడవాళ్ళంతా భయపడి మెట్లెక్కడం మొదలుపెడితే, సెన్సర్‌కి దుమ్ము పట్టిందని కంప్లయింట్ ఇచ్చి బాగు చేయించింది నేనే. కాబట్టి ఇది చదివి నన్ను భయస్తురాలి కింద జమకట్టకండి.

మా అమ్మాయి హాసిని ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని రంగు పెన్సిళ్ళు చెక్కుకుంటూ, ఆ పొట్టంతా సోఫా మీద పోస్తోంది. మామూలుగా అయితే ఈపాటికి నాలుగు చివాట్లు పడేవి. కానీ అది ఈరోజు ఇలా నా కళ్ళముందు ఉండగలగడానికి కారణం నేనూ కాదు, వాళ్ళ నాన్నా కాదు. మరి ఎవరో నాకు తెలియదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

బహ్రెయిన్‌లో ఉండేవాళ్ళకి మంచు చూడాలన్న కోరిక జబ్బులా పట్టుకుంటుంది. మా తెలుగు కుటుంబాల మధ్య ఒక పెద్ద పెట్టె తిరుగుతూ ఉంటుంది. దాన్ని చలి పెట్టె అంటాం. దాన్నిండా కోట్లు, ఉన్ని టోపీలు, గ్లవ్స్. ఇక్కడ ఉండగా వాటితో ఎవరికీ పని లేదు కనుక, మంచుదేశాలకి ఎవరు వెళ్తే వాళ్ళు తీసుకెళ్ళి, వచ్చాక ఉతికి పక్కవాళ్ళకి ఇవ్వాలి. పోయిన చలికాలం సెలవులకి అది మా వంతుకొచ్చింది. గలాలీలో ఉండే స్నేహితుల ఇంటినుంచి తెచ్చుకుని ఆస్ట్రియా కొండలకి బయల్దేరాం. నేను, మా ఆయన, మాతోనే ఉండే మా అత్తగారు, తొమ్మిదేళ్ళ హాసిని.

బూట్లు మాత్రం ఎవరి కాళ్ళకి తగ్గవి వాళ్ళకి కొన్నాం. వాటిని పెట్టెలో పెడితే సామాన్ బరువెక్కువవుతుందని మా ఆయన అందరికీ మోకాళ్ళదాకా బూట్లు తొడిగి విమానం ఎక్కించారు. ఎయిర్‌పోర్ట్‌లో మమ్మల్ని చూసినవాళ్ళు ఏమనుకుని ఉంటారో వదిలేయండి. అసలు సంగతేమిటంటే, ఆ బూట్లు తప్ప మా దగ్గర ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులే ఉన్నాయి.

మేం దిగింది ఒక చిన్న ఊళ్ళో, కొండని ఆనుకుని ఉన్న పాత చెక్క ఇంట్లో. పై అంతస్తు మాకిచ్చారు. కింద ఇంటావిడ మార్తా ఒక్కతే ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి, కాస్త ఇంగ్లీషు మాట్లాడుతుంది. మా భాగానికి బయటినుంచి చెక్కమెట్లు, పైన ఒక చిన్న వసారా.

మా అత్తగారిది గోదావరి జిల్లా. బయట తిరిగొచ్చిన చెప్పు గడప దాటిందంటే ఆవిడకి అన్నం సహించదు. హూరాలో మా తలుపు బయట చెప్పుల గుట్ట చూసి బిల్డింగ్ కాపలా చూసే నాతూర్ నెలకోసారి గొణుగుతాడు. ఆవిడ వినదు. ఆల్ప్స్‌లో మాత్రం ఎందుకు వింటుంది? మొదటి రోజే అందరి బూట్లూ వసారాలో వరసగా విప్పించింది. తెల్లారేసరికి అవి కర్రల్లా బిగుసుకుపోయాయి. మా ఆయన వాటిని హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు, తిట్లతో కాసేపు వేడి చేశారు. రెండో రోజూ ఇదే తంతు.

మార్తా అది చూసి నవ్వింది. ఆ ఊళ్ళో బూట్లు బయట వదిలేవాళ్ళు ఎవరూ ఉండరట. మెట్ల కింద బూట్లు ఆరబెట్టే గది చూపించింది. గోడకి వేడి గొట్టాలు, వాటికి బూటుని బోర్లించే కొయ్యలు. ఇకనుంచి ఇక్కడ పెట్టుకోండి అంది. అని, మూడో రోజు మధ్యాహ్నం పక్క ఊళ్ళో ఉన్న కూతురింటికి వెళుతూ ఆ గదికి తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవీ అలవాటుకొద్దీ తనతో పట్టుకుపోయింది.

మంచు ఆటల గురించి కూడా చెప్పాలి. స్కీయింగ్‌లో మా ఆయన నిలబడిన సమయం కన్నా పడుకున్న సమయమే ఎక్కువ. నేనైతే ఒక్కసారి జారి, ఇక చాలనుకుని కాఫీ దుకాణం చూసుకున్నాను. హాసినికి మాత్రం అద్దెకి తెచ్చిన స్లెడ్జ్ బల్ల మీద కూర్చుని జారడం తెగ నచ్చింది. అయితే జారే చోట్లన్నీ జనమే. కొండెక్కించే లిఫ్ట్ దగ్గర జనం, దిగిన చోట జనం.

బహ్రెయిన్‌లో చలికాలం రాగానే మేమంతా సఖీర్ ఎడారికి పోయి గుడారాలు వేసుకుంటాం. అక్కడ టైర్ల గుర్తులు లేని చోటు దొరికితే పండగే. మనుషులు లేని చోటంటే మంచి చోటని మా బుర్రల్లో పాతుకుపోయింది. మూడో రోజు సాయంత్రం మా ఆయనకి ఇంటి వెనకాల సరిగ్గా అలాంటి చోటే దొరికింది. నున్నటి పెద్ద వాలు. తాడు లేదు, జెండా లేదు, ఒక్క అడుగు గుర్తు లేదు. ఊరిని ఆనుకుని ఉన్న ఇంత మంచి చోటుని ఇంతమంది ఎందుకు వదిలేశారన్న అనుమానం, ఫిజిక్స్ చెప్పే నాకు కూడా రాలేదు.

ఆ వాలు అడుగున, ఇంకా వెలుతురుండగానే, హాసిని నాలుగైదుసార్లు జారింది. అక్కడొక కొయ్య, దాని మీద మంచు కప్పేసిన బోర్డు ఉన్నాయి. మా ఆయన దానికి చేరబడి ఫోటో తీయించుకున్నారు. ఆ మంచు తుడిచి ఏం రాసుందో చూద్దామని ఎవరికీ తోచలేదు. రేపు పొద్దున్నే, ఎవరూ రాకముందే, బాగా పైదాకా ఎక్కి అక్కడినుంచి జారాలని తండ్రీ కూతుళ్ళు ఒప్పందం చేసుకున్నారు.

ఇంటికొచ్చి ఎప్పట్లాగే బూట్లు వసారాలో విప్పాం. కింద గది తాళం లాగి చూశాం, రాలేదు. మంచు పడడం మొదలైంది. తలుపు వేసుకుని పడుకున్నాం.

తెల్లారి తలుపు తీస్తే బూట్లు లేవు.

మొదట దొంగలనుకున్నాం. మా ఆయన వెంటనే ఫోన్ తీసి, ఇంటావిడకి చూపించడానికని వసారా అంతా ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. గాలికి మంచు వసారాలోకి కొట్టి జానెడు మందం పేరుకుంది. అందులో బూట్లు ఉన్నచోట బూట్ల ఆకారంలో గుంటలున్నాయి, అడుగున చెక్క కనిపిస్తోంది. అంటే మంచు పడుతున్నంతసేపూ బూట్లు అక్కడే ఉన్నాయి, ఆగాకే ఎవరో ఎత్తారు. కానీ ఆ గుంటల చుట్టూ మంచు చెక్కుచెదరలేదు. మెట్ల మీద కూడా అంతే. అడుగు గుర్తు కాదు కదా, పిట్ట కాలు గుర్తు కూడా లేదు. ఆ సంగతి మాకు తర్వాత తట్టింది. అప్పటికి మా గొడవలో మేమున్నాం.

మా ఆయన అనుమానమంతా వాళ్ళమ్మ మీదే. ముందురోజు పిల్లని కొండెక్కించడం ఇష్టం లేక ఆవిడ సణుగుతూనే ఉంది.

"అమ్మా, నువ్వు దాచావా? నిజం చెప్పు. పిల్ల ఎంత ఆశపడిందో చూశావుగా."

"నేనెందుకు ముట్టుకుంటానురా వాటిని."

"నీ చాదస్తంతో చంపుతున్నావు మమ్మల్ని. ఇవాళ ఇంట్లో కూర్చోవాల్సిందేనా?"

మా అత్తగారు ఏడుస్తున్న హాసినిని దగ్గరికి లాక్కుని, దాని నెత్తిన చెయ్యి పెట్టి, "దీని మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు" అంది. నేను కోడలిగా వెళ్ళినప్పటినుంచీ ఆవిడ పిల్లల మీద ఒట్టు పెట్టడం చూడలేదు, ఎవరైనా పెడితే ఊరుకునేదీ కాదు.

రబ్బరు చెప్పులతో ఆ మంచులో పది అడుగులు కూడా వేయలేం. బల్ల గోడకి ఆనించి ఉంది, హాసిని దాని పక్కనే కోటు, టోపీతో సహా కూలబడి ఏడుస్తోంది. నేను ఉప్మా కోసం ఉల్లిపాయలు తరుగుతున్నాను. అప్పుడు వినిపించింది. హిద్ పోర్టు దగ్గర ట్రక్కులు కంకర దింపుతుంటాయే, అలాంటి చప్పుడు. వంటింటి కిటికీ అద్దం వణికింది. వెనక కొండ వైపు తెల్లటి పొగ లేచి, మెల్లగా సర్దుకుంది.

ఏం జరిగిందో మాకు అర్థం కాలేదు. కాసేపటికి ఎవరో మెట్ల మీద పరుగున వచ్చి తలుపు బాదారు. నారింజ రంగు కోటు వేసుకున్న మనిషి, చేతిలో పార. కింద ఇంకో ఇద్దరు, ఒక కుక్క. నిన్న సాయంత్రం ఒక పిల్లతో ఇక్కడి కుటుంబం ఆ వాలు మీద ఆడుకోవడం ఎదురింటివాళ్ళు దూరంనుంచి చూశారట. అతను మమ్మల్ని ఒక్కొక్కరినీ చూపుడువేలితో లెక్కపెట్టాడు.

"నలుగురేనా? అందరూ ఉన్నారా?" అని ఇంగ్లీషులో మళ్ళీ మళ్ళీ అడిగాడు.

మా ఆయన తలూపారు. ఆ మనిషి హాసిని వైపు చూసి, టోపీ తీసి, గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాడు. మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతికే దళం మనిషట. ఆ వాలు మంచుచరియలు విరిగిపడే చోటని, ఆ బోర్డు మీద రాసున్నది అదేనని అప్పుడు చెప్పాడు. ఫోటోలో మా ఆయన చేరబడ్డ కొయ్య ఉన్నచోట ఇప్పుడు ఇంటి ఎత్తు మంచు ఉంది. ఇంకెవరూ అటు వెళ్ళలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

అతను వెళ్ళాక మా ఆయన నేల మీదే కూర్చుండిపోయారు. "అమ్మా" అన్నారు. మా అత్తగారు కొడుకు తల నిమిరి, "ముందు పిల్లకి టిఫిన్ పెట్టండి, పొద్దున్ననగా లేచింది" అంది. నేను మాత్రం హాసినిని వదల్లేకపోయాను. ఆ ఉప్మా ఎవరు చేశారో కూడా నాకు గుర్తులేదు.

మార్తాకి విషయం తెలిసి హడావుడిగా వచ్చింది. మమ్మల్ని చూసి ఏడ్చేసింది. బూట్లు పోయాయని చెబితే, ముందు తన పాత బూట్లేవో ఇస్తానంటూ కింద గది తాళం తీసింది. ఆవిడ వెనకే చెప్పులతో నేనూ దిగాను. గది ముందు మంచు కూడా ముట్టుకోనట్టే ఉంది. తలుపు తెరవడానికి దాన్ని పారతో తోడాల్సి వచ్చింది.

మా బూట్లు లోపలున్నాయి. నాలుగు జతలూ గోడవారన వరసగా, పెద్దవాటినుంచి చిన్నవాటిదాకా నిలబెట్టి ఉన్నాయి. వేడి గొట్టాలు ఆపేసే ఉన్నాయి, కానీ బూట్లు పొడిగా, గోరువెచ్చగా ఉన్నాయి. హాసిని తాళ్ళకి పీటముళ్ళు వేసి, విప్పకుండానే కాళ్ళు లాగేస్తుంది. ఆ ముళ్ళన్నీ ఎవరో ఓపిగ్గా విప్పి, తాళ్ళు వదులు చేసి పెట్టారు. ప్రతి బూటులోనూ గుప్పెడు ఎండుగడ్డి కుక్కి ఉంది.

మార్తా ఆ గడ్డి తీసి వాసన చూసింది. పూర్వం ఇక్కడివాళ్ళు తడి బూట్లు అలాగే ఆరబెట్టేవారట. ఆ గది అప్పట్లో ఆవుల కొట్టమట. తన నాయనమ్మ పోయాక ఈ ఇంట్లో ఆవుల్లేవు, గడ్డీ లేదు అంది. భయపడినట్టు కనిపించలేదు. ఆ గడ్డిని పారేయకుండా ఏప్రాన్ జేబులో వేసుకుంది.

నేను వదిలిపెట్టే రకాన్ని కాను. మార్తా ముందే పెట్టి వెళ్ళిందా అంటే, ఆవిడ వెళ్ళాకే మేం ఆ బూట్లతో వాలు మీద ఆడాం, ఫోటోల్లో కాళ్ళకే ఉన్నాయి. ఇంకో తాళంచెవి ఉందా అంటే లేదు. ఉన్నా మంచులో అడుగులు పడాలి కదా. మా ఆయన నిద్రలో నడిచారేమో అంటే, ఆయనా గాల్లో నడవలేరు. స్టాఫ్ రూంలో నాకన్నా తెలివైనవాళ్ళకి ఆ ఫోటోలు చూపించాను. ఒకరు గాలి అన్నారు, ఒకరు నక్క అన్నారు. ముళ్ళు విప్పే నక్క గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. దయ్యం అన్న మాట మాత్రం నా నోటివెంట రాదు. అంత మేలు చేసినవాళ్ళని ఆ పేరుతో పిలవబుద్ధి కాదు.

మేం తిరుగు ప్రయాణమైన రోజు పొద్దున మా అత్తగారు వెంట తెచ్చుకున్న కుక్కర్‌లో పులిహోర కలిపింది. ఒక ప్లేటు నిండా పెట్టుకుని కింద గదికి బయల్దేరింది. అక్కడ ఒక మూల శుభ్రంగా తుడిచి, కాగితం పరిచి, ప్లేటు దాని మీద పెట్టింది.

"ఎవరికత్తయ్యా?" అన్నాను.

"ఎవరికో నాకేం తెలుసే? మన పిల్లని ఆపినవాళ్ళకి. ఉత్త చేతులతో ఎలా వెళ్ళిపోతాం?"

బయట టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. ఆవిడ మెల్లగా లేచి వెళ్ళింది. నేనూ రెండడుగులు వేసి ఆగాను. మళ్ళీ పైకెళ్ళి, ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆ ప్లేటు పక్కన పెట్టి వచ్చాను.