గేరు మీద ప్రార్థన నూనె

మా కారు ఆగిపోయిన సాయంత్రం దాన్ని పక్కకు నెట్టింది నేను. రాయదుర్గం మెట్రో స్టేషన్ దాటాక సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చలైటు పడింది, ఇంజను మోగుతోంది, బండి మాత్రం కదలలేదు. డాష్‌బోర్డులో గేరు అక్షరం కనిపించాల్సిన చోట చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది. ఆఫీసులు వదిలిన వేళ, వెనక అందరి చేతులూ హారన్ల మీదే ఉన్నాయి.

దిగి చూడమని మావారిని నేను అడగలేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆయన ఎడమకాలి బలాన్ని పట్టుకుపోయింది. అంత రద్దీలో దిగి నిలబడితే ఎవరైనా తోసేస్తారని నా భయం. అందుకని నేనే దిగి, చీర కొంగు బొడ్లో దోపుకుని, డిక్కీ మీద చేతులు పెట్టాను.

పక్కనే ఆగిన ఆటో అతను తల బయటపెట్టాడు. "ఏందక్కా, సారు లోపల కూసుంటే నువ్వు నూకుతున్నవ్?"

"సారు స్టీరింగ్ తిప్పాలి కదన్నా," అన్నాను.

"మా ఇంట్ల గూడ గిట్లనే. నేను తిప్పుత, ఆమె నూకుతది," అంటూ ఆటో పక్కన పెట్టి వచ్చి ఒక చెయ్యేశాడు. ఇద్దరం కలిసి కారును అంచుకు చేర్చాం. మావారు అద్దంలోంచి మమ్మల్నే చూస్తున్నారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ కారు మాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మాది ప్రగతి నగర్. నేను రాయదుర్గంలో ఒక ఐటీ కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. ఆయన తెల్లాపూర్‌లో లెక్కల మాస్టారు. పెళ్లయిన కొత్తలో మాకు స్కూటర్ ఉండేది. నేను నడిపేదాన్ని, ఆయన నా సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చునేవారు. ఆడమనిషి వెనక కూర్చున్న మగవాణ్ని చూసి సిగ్నళ్ల దగ్గర కుర్రాళ్లు నవ్వేవారు. ఆయన కూడా వాళ్లతో పాటు నవ్వేవారు. ఇంటికి వచ్చాక మాత్రం నా సంచి బల్ల మీద పెట్టి నేరుగా గదిలోకి వెళ్లిపోయేవారు.

ఆయన కాలి మీద చేతులుంచి ప్రార్థించని దైవజనుడు వాళ్ల జిల్లాలో లేడని మా అత్తగారు చెప్పేవారు. చిన్నప్పుడు ప్రతి స్వస్థత కూటంలోనూ వేదిక మీదికి పిలిచేవారట. ప్రార్థన అయ్యాక నడిచి చూపించమనేవారట. వేలమంది ముందు కుంటుకుంటూ దిగి రావడం ఎలా ఉంటుందో ఆయన నాకు ఒక్కసారే చెప్పారు. అప్పట్నించీ తన కాలి కోసం బహిరంగంగా ప్రార్థన చెయ్యనివ్వలేదు. నేను మాత్రం రహస్యంగా ఉపవాసాలుండి అడుగుతూనే ఉన్నాను. కాలు మారలేదు.

తరువాత క్లచ్ లేని కార్లు మాలాంటివాళ్లకు అందే ధరకు వచ్చాయి. ఎడమకాలితో పనే లేదు. ఆయనకు లైసెన్సు కూడా అలాంటి బండికే ఇచ్చారు. మొదటిరోజు నన్ను ఆఫీసు గేటు దగ్గర దించి, నా సంచి నా చేతికిచ్చి, "సాయంత్రం వస్త," అని వెళ్లిపోయారు. అంత మామూలుగా అన్న ఆ మాటకు నేను బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చాను. ఆ ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను, నా ప్రార్థనకు జవాబు రెండు పెడల్స్‌తో వచ్చిందని. ఆయన తల దించుకుని నవ్వుకున్నారు.

ఏటా కారు కొన్న రోజున మా పాస్టర్ అయ్యగారు అపార్టుమెంటు సెల్లారుకు వచ్చి కారును అభిషేకిస్తారు. పక్క ఫ్లాట్ల వాళ్లు దసరాకు గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు కడతారు. మాకు ప్రార్థన చేసిన ఒలీవ నూనె. అయ్యగారు బానెట్ మీద, స్టీరింగ్ మీద వేలితో రాసి, చివరికి గేరు దగ్గరికి వచ్చేవారు. "అక్కడ ఇంకొంచెం అయ్యగారూ," అనేదాన్ని నేను ప్రతి ఏడూ. అది నా దృష్టిలో గేరు కాదు, మావారి ఎడమకాలు. అయ్యగారు ధారాళమైన మనిషి, వేలు వదిలి సీసానే వంచేవారు.

ఆగిపోయిన కారును లాగించుకుని గచ్చిబౌలి అవతల సర్వీస్ సెంటర్‌కు చేర్చాం. మా బండి చూసింది ఒక గోదావరి జిల్లా ఆయన. నడివయసు మనిషి, ప్రతి మాటకూ చివర అండీ తగిలిస్తారు. "గేర్‌బాక్సేనండి. రిపేరవ్వదండి, మార్చాల్సిందేనండి. వారంటీ మొన్న చలికాలంలోనే అయిపోయిందండి," అన్నారు. ఎంతవుతుందో కూడా చెప్పారు. అది మా వల్ల అయ్యే పని కాదు. ఉన్నదున్నట్టు ఎవరికైనా అమ్ముకోవాల్సిందే.

ఇంటికి ఆటోలో వస్తుంటే మావారు నెమ్మదిగా అన్నారు: "పాత స్కూటర్ ఇంక సెల్లార్ల ఉన్నది గదా. నీ ఎనక కూసుంట. అలవాటే."

ఆ అలవాటే అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. మర్నాడు నేనే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ఇంకే దారీ లేదా అని గోదావరి ఆయన్ని అడిగాను.

"ఒకటుందండి. కంపెనీని అడగొచ్చండి. గుడ్‌విల్ అంటారండి. ఇవ్వాలని రూలేం లేదండి, ఇవ్వకూడదనీ లేదండి. వాళ్లకి బుద్ధి పుడితే ఇస్తారండి."

"దాన్ని మేం కృప అంటామండీ," అన్నాను.

"ఏదోటండి. కాపోతే సర్వీసులన్నీ టైముకి మన దగ్గరే చేయించుకునుంటేనే చూస్తారండి."

ఆ సంగతి చెబితే మావారు కారు ఆగాక మొదటిసారి నవ్వారు. "మీ కృపకు గూడ సర్వీస్ హిస్టరీ అడుగుతరా?" అన్నారు. అదృష్టం, ఆయన ఒక్క సర్వీసు కూడా తప్పించలేదు. నాకు ఆదివారం ఆరాధన ఎలాగో ఆయనకు ఆయిలు మార్పించడం అలాగ.

శుక్రవారం మా ఇంట్లో గృహ ప్రార్థన. నేను ప్రార్థన మనవి చెప్పాను. సంఘంలో అందరికంటే పెద్దదైన ఒక అమ్మ మోకరించి, కళ్లు గట్టిగా మూసుకుని మొదలుపెట్టింది. "ప్రభువా, ఆ గేరు డబ్బాల ఏమున్నదో నీకే ఎర్క. ఆ కంపెనోళ్ల మనసు జర మెత్తగ చెయ్యి తండ్రీ. మాకైతే ఆళ్ల ఫోన్ నంబర్ గూడ తెల్వది."

మావారి దగ్గర ఫోన్ నంబర్ ఉంది. ఆయన ప్రార్థనలో ఆమెన్ తప్ప ఇంకో మాట మాట్లాడరు, కాని పని మొదలుపెట్టారు. కస్టమర్ కేర్‌కు మెయిల్ రాశారు. కుదరదని జవాబు వస్తే ఆ పైవాళ్లకు రాశారు. కోపంగా ఒక్క ముక్క లేదు. వేళకు సర్వీసులు చేయించాను, తక్కువ దూరమే తిరిగింది, ఇంత తొందరగా పోవాల్సిన భాగం కాదు, దయచేసి మళ్లీ చూడండి అని అంతే. ప్రతి శనివారం బడి అయ్యాక ఆటోలో సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, మెయిలుకు జవాబు వచ్చిందా అని అడిగి వచ్చేవారు. చివరికి గేటు దగ్గర సెక్యూరిటీ అతను దూరం నుంచి చూసి కుర్చీ లోపల వేసి ఉంచేవాడు. విసుగక అడగాలని సండే స్కూలు పిల్లలకు నేను ఏళ్లుగా చెబుతున్నాను. అడిగేవాడి మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

"మీ కాలి సంగతి కూడా రాయండి, జాలిపడతారు," అన్నానొకసారి.

"కాలు గురించి రాయను," అన్నారు. "పాడైంది గేర్‌బాక్స్. నా కాలు కాదు."

ఎట్టకేలకు కంపెనీ తన ఇంజనీరును పంపింది. ఆయన కారు చూసి వెళ్లిన రెండ్రోజులకు మెయిల్ వచ్చింది. గేరు లివర్ లోపల బయటి నుంచి పడిన ద్రవం జాడలున్నాయి, కనుక గుడ్‌విల్ వర్తించదు అని.

"ఏ ద్రవమండీ? టీ ఏమైనా ఒలికించారా?" అని మావారిని అడిగాను.

"ఏమో," అన్నారు మావారు, ఫోన్ బల్ల మీద బోర్లించి.

ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. కాసేపు ఆ చెవులనే చూశాను, అప్పుడు తట్టింది. "నూనె," అన్నాను. "మీకు ముందే తెలుసు."

"తెల్సు."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పాలె? నువ్వు చేసిన ప్రార్థన తోటి కారు ఖరాబైందని చెప్పాల్నా? గట్ల నేననుకోలేదు. నువ్వు అనుకుంటవని ఊకున్న."

ఆ రాత్రి నాకు ప్రార్థన సరిగా సాగలేదు. నూనె సంగతి దాస్తే అబద్ధం. చెబితే పదిమంది ముందు నా విశ్వాసం నవ్వులపాలు, పైగా ఉన్న కాస్త ఆశా పోవచ్చు. ఆయన తిరిగి స్కూటర్ వెనక కూర్చోవడానికి కారణం నా చేతి నూనె అవుతుంది. కాని వెలుగులో నడవమని పిల్లలకు చెప్పి, నేను చీకట్లో దాక్కోలేను కదా. శనివారం ఇద్దరం వెళ్లాం. ఇంజనీరును కూడా రమ్మని మావారు ముందే బతిమాలి ఒప్పించారు.

"ఏమన్నా ఒలికిందాండి? జ్యూసో, కాఫీయో?" అని గోదావరి ఆయన నాకు దారి చూపిస్తున్నట్టు అడిగారు.

"కాదండీ. ప్రార్థన నూనె. ఏటా నేనే పోయించాను," అన్నాను.

గోదావరి ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టి అన్నారు, "మా దగ్గరికి నిమ్మకాయలొస్తాయండి, మిరపకాయలొస్తాయండి, ఎలకలు కొరికేసిన కొబ్బరి చిప్పలు కూడా వస్తాయండి. నూనె మాత్రం ఇదే మొదలండి."

ఇంజనీరు నవ్వలేదు. "గేరు మీదే ఎందుకమ్మా అంత?" అని అడిగారు.

కాలి సంగతి చెప్పొద్దని మావారి మాట. ఆయన వైపు చూశాను. గోడకు ఆనుకుని ఉన్న ఆయన ముందుకు వచ్చారు. నడక దాచుకోలేదు.

"నా ఎడమకాలు పనిచెయ్యదు సార్. క్లచ్ బండి నడపలేను. అందుకే మా ఇంటామెకు గేరు మీద ప్రేమెక్కువ," అన్నారు. "నా కాలు చూసి మాకేం ఇయ్యొద్దు. నూనె ఎక్కడిదాక పోయిందో ఒక్కసారి ఇప్పి చూడండి. గేర్‌బాక్స్ దాక పోతే ఇగ మళ్ల అడగను."

విప్పారు. నేను అటు చూడకుండా పెదవులు కదుపుతూ నిలబడ్డాను. లివర్ చుట్టూ తోలు, దాని కింద స్పాంజి ముక్క. ఇన్నేళ్ల అభిషేకమంతా ఆ స్పాంజిలోనే ఉంది, జిగురుగా, దుమ్ము పట్టి. దాని కింద వైర్లు పొడిగా ఉన్నాయి. గేర్‌బాక్స్ అయితే ఎక్కడో కింద, తన మూతలో తాను ఉంది. ఇంజనీరు వేలితో వైరు తడిమి, ఆ వేలిని లైటు కింద చూసుకుని, "దీనికీ దానికీ సంబంధం లేదు. రిపోర్టు మార్చి రాస్తాను," అన్నారు. వెళుతూ వెళుతూ నాతో, "వచ్చే ఏడు బానెట్ మీద పోయించండమ్మా," అన్నారు.

కొన్ని వారాలకు కబురు వచ్చింది. గేర్‌బాక్స్ కంపెనీ ఇస్తుంది, కూలి మాది. కృప పూర్తిగా ఉచితమని నేను నమ్ముతాను. కంపెనీ కృప కూలి ఖర్చు దగ్గర ఆగింది. అదైనా మాకు అందే ఖర్చే. ఫోన్ పెట్టేసి మావారు వంటింటి గుమ్మంలో నిలబడి, "బండి వచ్చినంక నీ సంచి నువ్వే పట్టుకోవాలె. నాకు స్టీరింగ్ ఉంటది," అన్నారు. నేను పొయ్యి కట్టేసి అక్కడే మోకరించాను.

మళ్లీ కారు కొన్న రోజు వచ్చింది. సెల్లారులో అయ్యగారు బానెట్ మీద నూనె రాసి, స్టీరింగ్ మీద రాసి, అలవాటుగా లోపలికి వంగారు. "అక్కడొద్దులెండి అయ్యగారూ, బానెట్ చాలు," అన్నాను నేను. ఆయన సీసా వెనక్కి తీసుకోబోయారు.

"ఆగండి," అన్నారు మావారు. డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నారు. జేబులోంచి మడతపెట్టిన మెత్తని గుడ్డ ఒకటి తీసి గేరు లివర్ మొదట్లో చుట్టూ పరిచారు. "ఇప్పుడు పొయ్యండి. ఆమెకు ఈడ ఎక్కువ పొయ్యాలె."