జవాబు చెప్పకూడని ఉద్యోగం

మా ఆడపడుచుకు ఇంట్లో పెట్టుకున్న పేరు ఎందుకమ్మ. నేను కాపురానికి వచ్చేసరికి తనకి ఏడేళ్ళు. మా అత్తగారు అప్పటికే మంచాన ఉన్నారు, ఏడాది తిరక్కుండా పోయారు. జడ వెయ్యడం, బడికి పంపడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం నా వంతయ్యాయి. జడ వేస్తుంటే, "వదినా, మూడు పాయలే ఎందుకు? రెండైతే ఎందుకు ఊడిపోతాయి?" అనేది. నేను చదివింది ఐదో తరగతి. "తల తిన్నగా పెట్టు" అన్నదొక్కటే నా దగ్గరున్న జవాబు.

మా ఆయనది నీళ్ళ మోటార్లు బాగుచేసే పని. కాలిపోయిన మోటారును విప్పి చెల్లెలి ముందు పెట్టి, రాగితీగ ఎక్కడ నల్లబడిందో చూపించేవారు. ఆ అన్నాచెల్లెళ్ళు అలా కూర్చున్నారంటే అన్నం చల్లారిపోవలసిందే.

డిగ్రీ అయ్యాక సైన్సు మ్యూజియంలో తనకి చోటు దొరికింది. ఏడాదిపాటు అక్కడే పనిచేస్తూ, పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలకు సైన్సు ఎలా నేర్పాలో తాను నేర్చుకోవాలి. దాన్ని ఫెలోషిప్ అంటారని చెప్పింది.

"షిప్పంటే ఓడే కదా. ఏడాదయ్యాక ఏ రేవులో దింపుతారో ముందే కనుక్కో" అన్నారు మా ఆయన.

"నలుగురం ఎక్కాం అన్నయ్యా. చివరికి ఒక్కరికే ఉద్యోగం ఇస్తారు. ముగ్గుర్ని దింపేస్తారు."

"ఐతే ఆ ఒక్కత్తివీ నువ్వే అవ్వు."

తన ఆశా అదే. ఏ చీర మీదా, ఏ సంబంధం మీదా తనకి అంత ఆశ నేను చూడలేదు.

ఆ మ్యూజియంలో ఒక పద్ధతి ఉంది. పిల్లలు ఏది అడిగినా జవాబు నేర్పేవాళ్ళ నోటి నుంచి రాకూడదు. తిరిగి ప్రశ్నే వెయ్యాలి. పిల్లలే తిప్పి, విప్పి, తడుముకుని కనుక్కోవాలి. పొరపాటున జవాబు అనేస్తే దాన్ని అక్కడ 'చెప్పేయడం' అంటారు. వీళ్ళకు పని నేర్పే మేడమ్ వెనక వరసలో కూర్చుని, ఎవరు ఎన్నిసార్లు చెప్పేశారో కాగితం మీద గీతలు పెట్టేది. మొదటి నెల మా ఎందుకమ్మ కాగితం నిండా గీతలే. తెలియనిది అడగడం తనకి పుట్టుకతో వచ్చింది గానీ, తెలిసిన మాటను నోట్లో దాచుకోవడం ఎక్కడ వస్తుంది?

అందుకని ఇంట్లో నా మీద సాధన మొదలుపెట్టింది.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావే?" అంటే, "చివరిసారి ఎక్కడ చూశావు వదినా?" అనేది.

"నా చేతిలో గరిటె ఉంది, అది చూశావా?"

"గరిటెకీ ఉప్పుకీ సంబంధం ఏమిటని నీకనిపిస్తోంది?"

నవ్వు ఆపుకోలేక మా ఆయనకి పొలమారింది. "చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. వీళ్ళ మ్యూజియంలో చెప్పేవాడే లేడు కాబట్టి మీ వదిన లోకువైంది" అన్నారు.

ఆరు నెలలకు గీతలు తగ్గాయి. తొమ్మిదో నెలకు ఒక్కటీ లేదు. మేడమ్ నలుగురిలోకీ తనే మెరుగు అందట. ఇక మిగిలింది ఆఖరి పరీక్ష. ఎవరికి వారు ఒక నమూనా తయారుచేసి, పెద్దల ఎదుట పిల్లలకు పాఠం నడపాలి. తను గుండె చేస్తానంది. మా ఆయన చేపల తొట్టిలో పెట్టే చిన్న మోటారు తెచ్చి, గాజులా కనిపించే గొట్టాలు బిగించి, పాత సైకిలు ట్యూబు కోసి నీరు వెనక్కి రాకుండా మూతలు పెట్టారు. ఎర్రరంగు కలిపిన నీళ్ళు ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపుకు వెళ్తుంటే, ఇద్దరూ బల్ల మీద గడ్డాలు ఆనించి చూశారు.

పది రోజులు కాలేదు. షాపులో మోటారు ఎత్తబోయి ఆయన ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. మేం ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. చదువుకున్నది తనే కాబట్టి డాక్టరు తనని లోపలికి పిలిచి మాట్లాడాడు. నేను వరండాలో ఇనుప కుర్చీలో ఉన్నాను. తను బయటికి వచ్చింది.

"ఏమన్నాడే? బతుకుతారా?"

"నువ్వేమనుకుంటున్నావు వదినా?"

అన్న మరుక్షణం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అలవాటు నాలుక మీద కూర్చుంటే మనిషి ఏం చెయ్యగలదు? ఇవాళ ఈ మాట రాస్తున్నాను గానీ ఆ రోజు నాకు అంత జ్ఞానం లేదు. అడిగింది కదా అని జవాబు చెప్పాను.

"బతుకుతారనే అనుకుంటున్నాను."

తను కిందికి చూస్తూ తలూపింది. డాక్టరు ఆశ వదులుకోమన్నాడని, దగ్గరివాళ్ళను లోపలికి వెళ్ళి కూర్చోమన్నాడని నాకు తర్వాత నర్సు చెప్పింది. సాయంత్రం ఐదింటికి ఆయన పోయారు. అంతవరకూ నేను ఆ కుర్చీలోనే కూర్చుని, ఇంటికి తీసుకెళ్ళాక మెట్లు ఎక్కలేరేమో, పక్క ముందు గదిలో వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. ఆ మాట తెలిసుంటే వెళ్ళి చెయ్యి పట్టుకుని ఉండేదాన్ని.

వారం తర్వాత తను వంటింటి గుమ్మంలో నిలబడి, "చెప్దామనే వచ్చాను వదినా. నీ ముఖం చూసేసరికి నోట్లోంచి అదే వచ్చింది" అంది.

"అడిగినవాళ్ళకి జవాబు చెప్పడం నేర్చుకో ముందు. పిల్లలకి నేర్పడం తర్వాత" అన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటని తెలిసే అన్నాను. పోయింది తన అన్న కూడా అని ఆ క్షణంలో నాకు పట్టలేదు.

తర్వాత రెండు నెలలు ఒకే ఇంట్లో తిన్నాం, పడుకున్నాం, మాటలు మాత్రం 'బియ్యం అయిపోయాయి', 'తాళం గూట్లో పెట్టాను' దాటలేదు. పరీక్ష రోజు పొద్దున్న చెప్పులు వేసుకుంటూ, "అన్నయ్య చేసిన గుండె వదినా. నువ్వూ వస్తే బాగుంటుంది" అంది. వెళ్ళాను. ఆయన చేతిపని చూడాలని వెళ్ళాను, తన కోసం కాదు.

పొడుగాటి హాలు. మధ్యలో బల్ల మీద గుండె. చుట్టూ పాతికమంది పిల్లలు. వెనక మేడమ్, ఇంకో ఇద్దరు పెద్దలు, ఒళ్ళో కాగితాలు. తను నడుపుతుంటే నాకే ముచ్చటేసింది. ఒక్క జవాబు చెప్పకుండా, ఆ రబ్బరు మూతలు ఎందుకున్నాయో పిల్లల చేతే చెప్పించింది. మేడమ్ పెన్సిలు పక్కన పెట్టేసింది.

ముందు వరసలో కళ్ళద్దాల పిల్ల ఒకతె లేచి స్విచ్ ఆపింది. నీళ్ళు ఆగాయి. మళ్ళీ వేసింది. కదిలాయి.

"నిజం గుండె కూడా ఇంతేనా అక్కా? ఆగితే మళ్ళీ నడుస్తుందా?"

"ఎందుకడుగుతున్నావు?"

"మా నాన్నకి మొన్న ఆగింది. మెషిన్ పెట్టారు. మా పిన్ని ఏమీ చెప్పట్లేదు."

'నువ్వేమ...' అన్నంతవరకూ తన పెదవులు కదలడం నేను చూశాను. అక్కడ ఆగి నా వైపు చూసింది. తర్వాత ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కొందరికి నడుస్తుంది, కొందరికి నడవదు. మా అన్నయ్యకి నడవలేదు. మీ నాన్న సంగతి నాకు తెలీదమ్మా. ఇవాళే వెళ్ళి ఆయన దగ్గర కూర్చో. వద్దన్నా కూర్చో."

ఆ పిల్ల ఏడ్చింది. పక్కపిల్లలూ ఏడ్చారు. పాఠం అక్కడితో ఆగిపోయింది. మేడమ్ పెన్సిలు వెతుక్కుంది.

ఉద్యోగం ఇంకొకమ్మాయికి ఇచ్చారు. సొంత బాధను పాఠంలోకి తెచ్చిందని, పిల్లల్ని భయపెట్టిందని, ఏడాది నేర్పింది ఒక్క నిమిషంలో మరిచిందని కాగితంలో రాశారు. తను మరవలేదు. ఆ నిమిషంలో తనకి గుర్తొచ్చింది నా మాట. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు. 'నీ వల్లే వదినా' అని ఒక్కసారి అంటే నా మనసు తేలికపడేది. అనలేదు. గుండె నమూనా మ్యూజియానిదే అన్నారు, అక్కడే ఉంచుకున్నారు.

ఇప్పుడు తను ఇంట్లోనే ఉంది. దరఖాస్తులు పెడుతోంది. మొన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఉద్యోగం వచ్చిన ఆ అమ్మాయి. గుండెలోంచి నీళ్ళు కారుతున్నాయట, ఎందుకో తెలియడం లేదట.

"కింది మూత తిరగబడి ఉంటుంది. ముందు స్విచ్ తీసెయ్. ఎడమ గొట్టం లాగి, రబ్బరు నున్నటి వైపు పైకి పెట్టి బిగించు" అని మా ఎందుకమ్మ గడగడా చెప్పేసింది.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వేమనుకుంటున్నావని అడగలేకపోయావా దాన్ని? వెతుక్కుని చచ్చేది."

"నీళ్ళు కారితే పిల్లలు జారిపడతారు వదినా" అంది.

తను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అది మళ్ళీ మోగలేదు. బాగయినట్టుంది.