పీకల పెట్టె నోరు విప్పిన ముహూర్తం

నిన్న బెంగళూరు నుంచి వచ్చిన మా మనవరాలు రెండు డిస్టార్షన్ పెడళ్ళు నా ముందు పెట్టి, ఏది మంచిదో చెప్పు తాతా అంది. కాలితో నొక్కగానే గిటారు చేత గొంతు చించుకుని అరిపించే ఈ పెట్టెలతో నాకు ఒకప్పుడు సావాసం ఉండేదని ఎవరు చెప్పారో ఏమో. వాయించవద్దు, ఊరికే కాలితో నొక్కి, తీగెల మీంచి చెయ్యి తీసెయ్యమన్నాను. ఆ పిల్ల నా వైపు కాస్త జాలిగా చూసింది. డెబ్బైకి దగ్గరపడ్డాక ఆ చూపులు అలవాటైపోయాయి.

ఎనభైలలో కన్నడ సీమలోని మా చింతామణి ఊళ్ళో ఆర్కెస్ట్రాకు గిటారు వాయించే నాబోటివాళ్ళకు ఈ పెడళ్ళు దుకాణాల్లో ఎక్కడ దొరికేవి? రేడియోలు బాగుచేసే మా మేనమామ పాత ట్రాన్సిస్టర్లు ఊడదీసి ఒకటి కట్టి ఇచ్చాడు. మాది మంగళవాద్యాల ఇల్లు. మా పెదనాన్న నాదస్వరం లేకుండా బాగేపల్లి షావుకార్ల ఇళ్ళల్లో పెళ్ళి జరిగేది కాదు. అప్పటికి ఆయనకు ఆయాసం పట్టుకుంది, ఊదే కొడుకులు లేరు, నేనేమో గిటారు వేసుకుని తిరుగుతున్నాను. ఒప్పుకున్న పెళ్ళి ఒకటి మిగిలింది, అది ఇంకో మేళానికి పోతే ఆ ఇళ్ళతో మా అనుబంధం అంతటితో సరి. గిటారు స్వరం మీటిన కాసేపటికే సన్నగిల్లిపోతుంది గాని, మామ పెట్టె గుండా పోతే నాదస్వరంలా సాగుతుంది, పైగా ఊపిరితో పనిలేదు. తుమ్ము గాని, ఏడుపు గాని, చెడ్డమాట గాని తాళి కట్టే వేళ చెవిన పడకుండా ముంచెయ్యడానికే కదా గట్టిమేళం, అందుకని దాన్ని నేనే గిటారు మీద వాయించాలని ఇంట్లో తీర్మానించారు.

తాను కట్టిన ఆ పెడల్‌ను మామ మొదట రేకుడబ్బాలో బిగించాడు. శుభానికి రేకుడబ్బా ఏమిటని మా పెద్దమ్మ, పెదనాన్న నాదస్వరం కొసన పెట్టి ఊదే పీకలు దాచుకునే చెక్కపెట్టె తెచ్చి, పసుపు రాసి బొట్టు పెట్టి, అందులోకి మార్పించింది. ఆయన చెయ్యి తగిలిన పెట్టె కదా, నాదం దానంతట అదే తోడొస్తుందనుకున్నాం. చుట్టూ రేకు అడ్డం లేకపోతే, చిన్న సద్దునూ అంత పెద్దది చేసే పెట్టె గాలిలోని రేడియోను కూడా లాక్కుంటుందని మామకు తెలిసే ఉండాలి, పెద్దమ్మకు ఎదురు చెప్పలేకపోయాడు.

పురోహితుడు చెయ్యి ఎత్తాడు. పందిరంతా సద్దుమణిగింది. నేను కాలితో నొక్కాను, నా వేళ్ళు తీగెలను తాకకముందే స్పీకరులోంచి కన్నడ వార్తలు మొదలయ్యాయి. ఎవరో పెద్దమనిషి నిధనరాదరట. ఆ మాటకు చనిపోయారని అర్థమని తెలియనివాడు ఆ పందిట్లో ఒక్కడూ లేడు. తాళి పట్టుకున్న పెళ్ళికొడుకు చేతులు ఆగిపోయాయి. శాస్త్రానికి నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్న పెదనాన్న ఎవరి సైగ కోసమూ చూడకుండా ఎత్తి ఊదాడు. వెంటనే డోలు అందుకుంది. మూడు ముళ్ళూ పడేదాకా ఆయన ఆపలేదు.

తర్వాత పందిరి వెనక ఆయన వీపు రాస్తూ నేను ఏడుస్తుంటే, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ ఆయన అన్నాడు.

"ఏడవాకురా నాయనా. మోగేది దానికి బాగనే వస్తాది. ఊరికే ఉండేదే రాలా."

మళ్ళీ ఆయన నాదస్వరం ఎత్తలేదు.

మంచి పెడల్ అంటే లావు తీగెలు బురదబురదగా మోగకూడదనీ, మూడు స్వరాలు కలిపి మీటినా దేనికది వినిపించాలనీ, గిటారు వాల్యూం తగ్గిస్తే తనూ తగ్గాలనీ మనవరాలు చెప్పింది. అన్నీ నిజమే. నేను మాత్రం చెయ్యి తీశాక అది ఏం చేస్తుందనే చూస్తాను. రెండో పెట్టె చప్పుడు చెయ్యలేదు, అదే ఉంచుకోమన్నాను.

మొన్న చిక్కబళ్ళాపురంలో ఒక పెళ్ళికి పోతే గట్టిమేళం ఎవరో ఫోనులోంచి పెట్టారు. తప్పు లేకుండా మోగింది, దానికోసం ఎవరూ ఆయాసపడలేదు. మెట్లెక్కితే నాకూ ఇప్పుడు అదే ఆయాసం వస్తోంది. సగంలో గోడ పట్టుకుని ఆగినప్పుడల్లా, ఆ మూడు ముళ్ళు పడేదాకా ఆయన ఎట్లా ఊదాడా అని అనుకుంటాను.