జనరల్ షిఫ్టు

మంగళవారం పొద్దున్న ఆ కబురు మా ఫోర్‌మన్ గారి నంబరు నుంచే వచ్చింది. ‘నాన్నగారు వెళ్లిపోయారు. నిద్రలోనే.’ పైన ఆయన పేరు. పక్కన చిన్న గుండ్రంలో, ఎండకి కళ్లు చికిలించుకున్న ఆయన ముఖం. రాసింది వాళ్లమ్మాయని తట్టేలోగా ఒక్క క్షణం, తాను పోయిన సంగతి కూడా తానే చెప్పి వెళ్తున్నారనిపించింది. మాకు చెప్పకుండా ఆయన ఏ పనీ చేసిన మనిషి కాదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతీ రాస్తాను. దాచడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు.

మాది మేకుల ఫ్యాక్టరీ. గాజువాక అవతల ఉండేది. ఉక్కు కడ్డీ ఒకవైపు లోపలికి వెళ్తే సన్నటి తీగై, ముక్కలై, తల కట్టుకుని, మేకులై ఇంకోవైపు పెట్టెల్లో పడేది. ఆ పెట్టెల దగ్గర నేను. పెళ్లయిన కొత్తలో ప్యాకింగులో చేరాను, మా పెద్దది కాలేజీకి వచ్చేదాకా అక్కడే. మిషన్లన్నీ ఒక్కసారి నడుస్తుంటే పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడేది కాదు. ఇప్పటికీ మేమంతా గట్టిగానే మాట్లాడతాం. ఇద్దరం కలిసి బస్సెక్కితే జనం తగువులాడుకుంటున్నామనుకుంటారు.

ఆ హోరులో ఫోర్‌మన్ గారు పొడుగాటి ఇనపకడ్డీ ఒకటి పట్టుకుని తిరిగేవారు. ఒక కొస మిషనుకి, రెండో కొస తన చెవి పక్క ఎముకకి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవారు. లోపల ఏది అరిగిందో ఏది బిగుసుకుందో అలా వినేవారు. గోదావరి మనిషి. ఎంత కోపం వచ్చినా మాట చివర ‘అండి’ మాత్రం పోయేది కాదు. ఒకరోజు నా దగ్గర ఆగి, “మిషను అబద్ధం ఆడదమ్మా, నలతగా ఉంటే ఉందని చెప్పేస్తుంది. మనుషులే, బాగానే ఉన్నామండీ అంటారు” అన్నారు. ఆ రోజు నాకు జ్వరం. నేను చెప్పలేదు. ఆయన ఇంటికి పంపించేశారు.

ఫ్యాక్టరీ మూసేసిన రోజు మాకు ముందుగా తెలిసింది నిశ్శబ్దమే. పొద్దుటి షిఫ్టుకి వెళ్లేసరికి గేటుకి గొలుసు, గొలుసు మీద కాగితం. కాగితం ఎవరూ చదవక్కర్లేకపోయింది. గేటు ఎదుట టీకొట్టు పక్కన వేపచెట్టు మీద పిట్టలున్నాయని అన్నేళ్లలో ఆ రోజే తెలిసింది నాకు. అవి అరుస్తుంటే భయమేసింది.

కొన్ని వారాలు పోయాక ఆయన స్కూటరు మీద ఇళ్లిళ్లూ తిరిగి అందరినీ ఆ టీకొట్టు దగ్గరికి రమ్మన్నారు. చాలామందే వచ్చాం. ఆయన నిలబడే ఉన్నారు.

“ముందురోజు సాయంత్రమే నాకు చెప్పారండి. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. ఆఖరి షిఫ్టు చివరి పెట్టె దాకా మీ చేత నడిపించాను. ఇది మీకు నా నోటితో తెలియాలండి.”

ఎవరో టీగ్లాసు నేలకేసి కొట్టారు. అప్పుడు బావ లేచాడు. తీగ లాగే సెక్షన్లో పనిచేసేవాడు, మగాళ్లందరికీ బావే. నేను అన్నా అనేదాన్ని గానీ, ఇక్కడ బావ అనే రాస్తాను. బజార్లో ఎవరు ఆ మాట అన్నా ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు.

“ఒగ్గీండి సార్. సెప్పినా ఏటి సేసీవోళ్లం? ఆ రేతిరి కూడా నిద్దర నేకపోను. మీరు సెప్పలేదు గాబట్టి ఒక్క రేతిరైనా అన్నం తిని తొంగున్నాం.”

ఫోర్‌మన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, “ఇన్నాళ్లూ పొద్దుటి షిఫ్టు వాళ్లకి రాత్రి షిఫ్టు వాళ్ల ముఖాలు తెలియవు. ఇక మీదట అందరం ఒకే వేళకి, జనరల్ షిఫ్టే అండి” అన్నారు.

ఫోనులో మా గ్రూపు పేరు అదే. వాళ్లమ్మాయి చేసిపెట్టింది. పూల బొమ్మలూ, సుప్రభాతాలూ, పార్టీల గొడవలూ పెట్టకూడదు. పొద్దున్న పనిలోకి వెళ్లే వేళకి ఒక్క మాట రాయాలి, ‘వచ్చాను’ అని. ముందు ఆయన రాసేవారు. మేం ఒక్కొక్కరం రాసేవాళ్లం. ప్రతి ఒక్కరికీ విడివిడిగా ‘సరే’ అని జవాబిచ్చేవారు. ఎవరిదైనా రాకపోతే మధ్యాహ్నానికి ఫోను. ఫోను ఎత్తకపోతే సాయంత్రానికి స్కూటరు. మొదట్లో నవ్వుకున్నాం. ఎక్కడికి వచ్చామని రాస్తాం? ఒకతను రుషికొండలో కంప్యూటరు ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ, ఇంకొకతను ఆటో తోలుతున్నాడు, నేను బట్టల కొట్లో చీరలు మడతపెడుతున్నాను. పనే దొరకనివాళ్లూ రాసేవారు ‘వచ్చాను’ అని, ఇంట్లో మంచం మీద కూర్చుని. నవ్వడం ఎప్పుడు మానేశామో గుర్తులేదు.

ఒక వేసవిలో బావ రాయడం మానేశాడు. ఫోర్‌మన్ గారు మల్కాపురంలో వాళ్లింటికి వెళ్లి చూస్తే మనిషి గోడకి ఆనుకుని కూర్చున్నాడట, పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చగా. “బానే ఉన్నాను సార్” అన్నాడట. పెద్దాసుపత్రిలో చేర్పించింది ఆయనే. అక్కణ్నుంచి బావ మెసేజీ మళ్లీ రోజూ వచ్చేది. అందుకని తేరుకుంటున్నాడనుకున్నాం. వానాకాలం మధ్యలో పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను కొట్టుకి వెళ్తూ బస్సులో ఉన్నాను. ఫోను మోగింది. చూస్తే, బావ. ‘వచ్చాను.’

ఫోను ఒళ్లో పడేశాను. పక్కావిడ “ఏటయినాది?” అంటోంది. ఈలోగా గ్రూపులో అల్లరల్లరి. ఎవడ్రా ఇలాటి ఆటలాడుతున్నాడని ఒకరు. ‘ఆ నంబరు తీసీండి సార్, బయమేత్తంది’ అని ఇంకొకరు. వాటన్నిటికీ పైన, బావ మాటకి కిందనే, ఫోర్‌మన్ గారి జవాబు ఉంది. రోజూ ఇచ్చేదే. ‘సరే.’ నిజం చెప్పాలంటే బావ మెసేజీ కన్నా అదే ఎక్కువ భయపెట్టింది నన్ను.

సాయంత్రం ఆయన ఫోను చేశారు. “ఆడమనిషి తోడుంటే బాగుంటుందమ్మా. వాళ్లింటికి వెళ్లొద్దాం.”

మల్కాపురంలో సన్నటి సందు. రిఫైనరీ వాసన. అరుగు మీద చేపల తట్ట కడిగి బోర్లించి ఉంది. బావ భార్యని నేను వదినా అంటాను. వాళ్ల పుట్టిల్లు సముద్రం ఒడ్డునే. ఫ్యాక్టరీ ఉన్నప్పుడూ, మూసేశాకా ఆవిడ చేపలమ్ముతూనే ఉంది. లోపల బావ ఫొటో, ముందు దీపం, దీపం పక్కన చార్జింగుకి పెట్టి బావ ఫోను.

“వదినా, పొద్దున్న ఆ మెసేజీ...”

“నానే పెట్టాను. బయపడిపోనారా?”

“మరి బయమెయ్యదేటి వదినా!”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆసుపత్రిలో ఆయనకి సెయ్యి వనికీది. నానే కొట్టీదాన్ని. పెట్టావా, పెట్టావా అని పేనం తీసీవోడు. పెట్టకపోతే పాపం సారు ఎండలో పడొచ్చెత్తారు అనీవోడు. నిన్నటి దాకా ఇంట్లో సుట్టాలున్నారు. పొద్దున్న లెగిసి సూత్తే ఎవులూ నేరు. సెయ్యి దానికదే పోనాది.”

తర్వాత బాగా గొంతు తగ్గించింది. “ఆయన పెట్టకపోతే మీరొచ్చీవోరు. నానొకరోజు లెగలేదనుకో, నాకోసం ఎవులొత్తారు?”

ఫోర్‌మన్ గారు నావైపు తిరిగారు. అప్పటికే ఆయనకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది అంతంతమాత్రం. “ఏమంటోందమ్మా?”

ఆవిడ అంత నెమ్మదిగా అన్న మాటని నేను ఆయన చెవిలో అరవాల్సి వచ్చింది. ఆవిడ లేవకపోతే ఎవరొస్తారని అడుగుతోంది సార్! సందులో వెళ్లేవాళ్లు ఆగి చూశారు. వదిన తల వంచుకుంది. ఆ అరుపు నాకిప్పటికీ వినపడుతూ ఉంటుంది.

ఆయన దీపం పక్కనున్న ఫోను వైపు చూశారు. “నేనొస్తానమ్మా” అన్నారు. “రేపట్నుంచి మీరే రాయండి.”

“ఆయన పేరు మీదేనా?”

“ఆయన పేరు మీదే.”

అలా మొదలైంది. ఆ తర్వాత మాలో పోయినవాళ్ల ఇళ్లకి ఆయనే వెళ్లి, ఫోను నంబరు తీసేయొద్దని చెప్పి వచ్చేవారు. కొందరి భార్యలు రాసేవారు, ఒకరికి ముసలి తల్లి. పొద్దున్నే ఫోను తెరిస్తే బతికున్నవాళ్ల పేర్లూ లేనివాళ్ల పేర్లూ కలిసిపోయి వచ్చేవి, అందరూ ‘వచ్చాను, వచ్చాను’ అంటూ. ఇది దెయ్యాల గ్రూపని కొందరు వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టలేను. తెల్లారి చీకటి విడకముందే అంతకుముందేడు మనం పాడె మోసిన మనిషి పేరు వెలుగుతూ కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. నేనూ అడిగాను, తీసేసి వాళ్ల పేర్లతో కొత్తగా కలపొచ్చు కదా సార్ అని. “పోయినవాళ్లని తీసేస్తే, వాళ్లని పట్టుకుని ఉన్నవాళ్లు ఎక్కడుంటారమ్మా?” అన్నారు.

మాట నిలబెట్టుకున్నారు కూడా. ఒకసారి వదిన దగ్గర్నుంచి రాలేదు, చేస్తే ఫోనూ మోగలేదు. స్కూటరు తోలే చూపు అప్పటికి లేదు. రెండు బస్సులు మారి వెళ్లారు. ఇల్లు తాళం. అడుగుతూ అడుగుతూ బజారు దాకా వెళ్తే ఆవిడ తట్ట ముందు కూర్చుని బేరమాడుతోందట. “పోను సేపల నీల్లలో పడిపోనాది సార్!” అని నవ్విందట. తర్వాత ఏడ్చిందట. చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టి పంపింది. ఆయన చేపలు తినరు. ఆ పొట్లం నాకిచ్చి, “మంచి వాసనమ్మా” అన్నారు మొహమాటంగా.

ఫ్యాక్టరీ షెడ్లు కూలగొట్టి, మిషన్లు ముక్కలు కోసి తుక్కుకి అమ్మేశారని తెలిసినప్పుడు ఆయన వెళ్లి చూడలేదు. ఎవరూ ఫొటోలు పెట్టొద్దని మాత్రం రాశారు. కానీ ఆ మిషన్లు ఆయన్ని వదల్లేదు. ఆఖరిసారి నేను వెళ్లినప్పుడు మధ్యాహ్నం పెద్ద వాన. వాళ్ల మేడ మీద గది పైకప్పు రేకులది. వాన దంచుతుంటే ఆయన మాటల్లో మాట ఆపేసి, గోడకి తల ఆనించి, కళ్లు మూసుకుని వింటున్నారు. ముఖం ఎంత తేటపడిందో. వాన ఠక్కున వెలిసింది. ఆయన కళ్లు తెరిచి కంగారుగా చుట్టూ చూశారు.

“ఏది ఆగిపోయిందమ్మా?”

“వాన సార్.”

“వానా?” అన్నారు. నమ్మలేదు. నేను సెలవు తీసుకునేదాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు, ఎవరో పరిగెత్తుకొచ్చి ఫలానా మిషను ఆగిందని చెబుతారన్నట్టు.

శ్మశానానికి మావాళ్లు అంతమంది వస్తారని వాళ్ల బంధువులు అనుకోలేదు. గోదావరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, “వీళ్లంతా ఎవరండీ?” అని అడిగారు. వాళ్లమ్మాయి, “నాన్నగారి షిఫ్టు” అంది. ఫ్యాక్టరీ లేదన్న సంగతి ఆ పెద్దాయనకి ఎవరూ చెప్పలేదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆ అమ్మాయి వదిన పక్కన వచ్చి కూర్చుంది. ప్రైవేటు స్కూల్లో టీచరు. ఎప్పుడూ ధైర్యంగా ఉండే పిల్ల. చేతిలో ఆయన ఫోను. “దీన్నేం చేయాలో తెలియట్లేదండీ” అంది.

వదిన ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. “ఏటీ సెయ్యొద్దమ్మా. పొద్దున్న లెగిసినాక ఒక్క మాట రాయి. నువ్వు రాయకపోతే మేమొత్తాం.”

బయటికొచ్చేసరికి పొద్దుటి నుంచి పడుతున్న వాన వెలిసింది. ఎవరన్నారో తెలియదు, ఓసారి గేటు కాడికి ఎల్దామేటి అని. ఆటోల్లో వెళ్లాం. కూలగొట్టాక మాలో చాలామంది అటు వెళ్లనేలేదు. ఇప్పుడక్కడ కంటైనర్ల యార్డు. పోర్టుకి వెళ్లేవీ వచ్చేవీ రంగురంగుల పెట్టెలు, ఒకదాని మీదొకటి. మా గేటు లేదు. వేపచెట్టు లేదు. ఇక్కడ పనిచేసేవాళ్లమని చెబితే, కాపలా అతను మా నెరిసిన తలలు చూసి లోపలికి వదిలాడు.

“సూసి నడండమ్మా, మేకులుంటాయి” అన్నాడు.

“మేకులేటి?”

“ఏమోనమ్మా. వానొచ్చినప్పుడల్లా పైకొచ్చెత్తన్నాయి. మీద మట్టి పోసినారు, కంకర పోసినారు. ఎన్నిసార్లు ఏరినా అవ్వట్లేదు. ట్రైలర్ల టైర్లలో దిగిపోతన్నాయి.”

కిందికి చూశాం. ఎర్రటి బురదలో, రాళ్ల మధ్య, తుప్పు పట్టి, వంకర్లు పోయి, అక్కడొకటి ఇక్కడొకటి. మా ప్యాకింగు ఆడవాళ్లమే ముందు కూర్చున్నాం. తర్వాత మగవాళ్లు. వదిన ఆ ఫ్యాక్టరీ గడప ఎన్నడూ తొక్కలేదు. ఒక మేకు ఏరి, కొంగుతో తుడిచి, నాకు చూపించింది.

“ఇది ఆయన లాగిన తీగేనా?”

“అయ్యుంటాది వదినా.”

గుప్పిట మూసి, ఇంకోదాని కోసం వంగింది. గేటు దగ్గర ఒక ట్రైలరు వచ్చి హారను కొట్టింది. కాపలా అతను చెయ్యెత్తి దాన్ని ఆపాడు. కర్మకని కట్టుకొచ్చిన మంచి బట్టల అంచులు బురదలో పడి జీరాడుతుంటే, మేమందరం తలలు వంచుకుని ఆ యార్డు నడుమ ఏరుతూ ఉన్నాం. నీరు ఇంకుతున్నకొద్దీ నేలలోంచి ఇంకా బయటపడుతూనే ఉన్నాయి.