ఇంకా ముదరలేదత్తయ్యా

కంటి ఆసుపత్రిలో ఆ కోడలి ఉద్యోగమే ప్రశ్నలకు జవాబులు చెప్పడం. శుక్లాల ఆపరేషన్ అనగానే బెంబేలెత్తిపోయేవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేది. చుక్కల మందుతోనే కన్ను మొద్దుబారుతుంది, నొప్పి తెలియదు. మెలకువగానే ఉంటారు. లోపల పెట్టిన లెన్సు మళ్ళీ మార్చక్కర్లేదు. "ముదిరేదాకా ఆగాలంటగా?" అని ఎవరైనా అన్నారో, ఆమెకి ఒళ్ళు మండేది.

"అవి పాతకాలం మాటలండీ. ముదిరితే తీయడమే కష్టం," అని కసిరేది.

అదే ప్రశ్న ఇంట్లో అత్తగారు అడిగితే మాత్రం, "ఇంకా ముదరలేదత్తయ్యా, ఆగుదాం," అంది. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులు మరి! అత్తగారు మంచమెక్కితే వంటెవరు చేస్తారు, బడి నుంచి వచ్చే పిల్లల్నెవరు చూస్తారు? పిల్లల పరీక్షలు అయిపోనీ అనుకుంది. ఆ తర్వాత ఆడపడుచు కాన్పు వచ్చింది. అలా అలా ఏడాది దాటిపోయింది. "మా కోడలికి తెలియదా, ఆసుపత్రి మనిషి!" అని అత్తగారు ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకునేది కూడాను.

మొన్న పొద్దున, గ్లాసు ఉందనుకుని అత్తగారు వేడి పాలు చేతిమీదే ఒంపుకుంది. ఆ బొబ్బలు చూశాక కోడలికి ముద్ద దిగలేదు. మర్నాడే ఆసుపత్రికి తీసుకొచ్చింది.

డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి, "శుక్లం రాయిలా గట్టిపడిపోయింది. చూపు ఎంతవరకు వస్తుందో చెప్పలేను. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని గట్టిగానే అడిగింది.

కోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. చూపు పోతే ఆ పాపం తనదే.

"మా కోడలు ఎప్పట్నుంచో పోరుతూనే ఉందమ్మా. నేనే భయపడి రాలేదు," అంది అత్తగారు.

అడిగిందెవరో, ఆపిందెవరో ఆ ఇద్దరికీ తెలుసు. కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. అత్తగారు నాలుగు తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ ముందు ప్రతి పేషెంటూ కోడలి బల్ల ముందు కూర్చోవాలి. అత్తగారూ వచ్చి పరాయి మనిషిలా బుద్ధిగా కూర్చుంది.

"ఏమైనా అడగాలా అత్తయ్యా?"

నొప్పి పుడుతుందా అంటుందనుకుంది. చూపు వస్తుందా అంటుందేమోనని భయపడింది.

అత్తగారు కాలిన చెయ్యి బల్ల కిందికి లాక్కుని, "మళ్ళీ పొయ్యి దగ్గరికి ఎప్పుడు పోవచ్చే? నీకు ఉద్యోగానికి ఆలస్యమైపోతుంది కదా," అంది.

రోజూ పదిమందికి జవాబు చెప్పే ప్రశ్నే అది. కోడలు బల్ల కిందికి చెయ్యి చాపి, ఆ కాలిన చేతిని మెల్లగా తన చేతిలోకి తీసుకుంది.