మార్తమ్మత్త అడిగిన పాట

పక్కింట్లో బండలు కోయిస్తున్నారు. రంపం కీచుమనగానే కిటికీ మూసేశాను. అయినా రాతిపొడి వాసన గొంతులోకి దిగనే దిగింది, మార్తమ్మత్త గుర్తొచ్చింది. మార్కాపురంలో బడిపిల్లల పలకలు చేసే ఫ్యాక్టరీలో నన్ను పనికి పెట్టించింది ఆమే. వరసకు నాకేమీ కాదు, మా పేటలో అందరికీ అత్తే.

ఆ రంపాల మోతలో పాడితే పక్కనున్న మనిషికి కూడా వినపడదు. అందుకే అన్నం గిన్నెలు విప్పగానే మేం నలుగురు ఆడవాళ్లం పాటల గురించి మాట్లాడుకునేవాళ్లం. చర్చి పాట, సినిమా పాట అన్న తేడా లేదు. "బాగుందంటే సాలదే, యాడ బాగుందో చెప్పు" అని అత్త పట్టుబట్టేది. "పల్లవి తిరిగొచ్చేకాడ డోలక్ ఒక్క దెబ్బ ఆగుతాది సూడు, ఆడ నాకు పానం లేసొస్తాది" అనేది. నిజం చెప్పాలంటే ఆ కాసేపటి కోసమే నేను పనికి పోయేదాన్ని.

ఆ రాతి దుమ్ము మొదట ఆమె పాటను తినేసింది. చర్చిలో అందరికన్నా ముందు పాట ఎత్తుకునే మనిషి, ఒక ఆదివారం చరణం మధ్యలో దగ్గుతూ కూలబడింది. ఊపిరితిత్తుల నిండా రాతిపొడేనని, దానికి మందు లేదని ఒంగోలులో డాక్టరు చెప్పాడు. మంచం పట్టింది. ఇక మేం ముగ్గురం ఆమె మంచం చుట్టూ చేరడం మొదలుపెట్టాం.

"నా సావుకి ఏడుపు పాట ఎత్తితే ఊరుకోను" అంది ఒకరోజు. "క్రిస్మస్‌కి ఇల్లిల్లూ తిరుగుతా పాడతామే, ఆ గంతుల పాట కావాల నాకు."

"సమాధుల కాడ చప్పట్లు కొడితే పెద్దోళ్లు తంతారత్తా" అంది సుగుణ వదిన. మాలో నోరున్న మనిషి ఆమే.

"తన్నులు మీకు, పాట నాకు" అని అత్త నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. ఆ పూటంతా రెండో చరణం ఉండాలా వద్దా అని పోట్లాడుకున్నాం. పాడు సంతోషం! చావు మంచం దగ్గర అంత సంతోషంగా ఎట్లా ఉన్నామో ఇప్పటికీ అర్థం కాదు.

ఎండలు ముదరకముందే పోయింది. పెట్టె గుంటలోకి దించాక సంఘపెద్ద మామూలు పాటే ఎత్తబోయాడు. "ఆగు పెదనాయనా, ఆమె వేరేది అడిగింది" అని సుగుణ వదిన గంతుల పాట అందుకుంది. మేమిద్దరం గొంతు కలిపాం. ముగ్గురివీ అదే దుమ్ము తిన్న గొంతులు. మొదటి చరణం దాటకుండానే ఊపిరి చాలక దగ్గులో పడ్డాం. మిగతా పాటంతా మాటలు లేకుండా ఉత్త చప్పట్లతో నడిపించాం. ఎవరూ తిట్టలేదు.

తర్వాత సుగుణ వదిన కూడా అదే జబ్బుతో పోయింది. మొన్న మెట్లెక్కుతుంటే నాకూ ఆయాసం వచ్చింది. మా అమ్మాయి ఆస్పత్రికి పోదాం పదమని గోల. "పోదాంలే, ముందు కూర్చో. నాకు ఏ పాట కావాలో చెప్తా" అన్నాను. అది ఏడుస్తూ చెవులు మూసుకుంది. చేతులు తీసేదాకా ఆగి, చెప్పాను.